పదో రోజు మాత్ర

మా అప్ప, అంటే మా అక్క, నూకరత్నం నెత్తురులో నలభై ఏళ్లుగా కాపురం చేస్తున్న వైరస్ ఒక మంగళవారం ఉదయం కనిపించకుండా పోయింది. నేను ముందు చేసిన పని సంతోషించడం కాదు, నన్ను నేను తిట్టుకోవడం. ట్యూబులు తారుమారు చేశాననుకున్నాను. అప్పటికి ఇరవై రెండేళ్లుగా ఈ పరిశోధనాలయంలో నెత్తురు తీస్తున్నాను, పరీక్షలు చేస్తున్నాను. ఒక్క ట్యూబు మార్చిన పాపాన పోలేదు. అయినా పరీక్ష పట్టీ మీద రెండు గీతలు రావలసిన చోట ఒక్కటే వస్తే ఎవరైనా తన చేతినే అనుమానిస్తారు.

మళ్లీ తీశాను. మళ్లీ ఒక్కటే గీత. మూడోసారి సూది పట్టుకునేసరికి అప్ప మోచెయ్యి రుద్దుకుంటూ, "ఇంకా ఏటైనా మిగిలుంటే అదీ తోడీయే తల్లీ" అంది. నోరు మూసుకుని కూర్చోమన్నాను. నా నోరు మంచిది కాదని మా ఊళ్లో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు.

మా ఊరు జీడివలస. ఊరంతా జీడిపిక్కలు కొట్టే పనే. మా చిన్నతనంలో సైకిల్ మీద ఒక ఆర్ఎంపీ డాక్టరు వచ్చేవాడు. ఏ జ్వరానికైనా సూదే. ఒకే గాజు సిరంజి, ఒకే సూది, ఇంటికీ ఇంటికీ మధ్య వేడినీళ్లలో ఒక్క మునక. అలా మా వీధిలో పదకొండు మందికి హెపటైటిస్ బి అంటుకుంది. ఊళ్లో దాన్ని కామెర్ల వైరస్ అంటారు. అది వెంటనే చంపదు. కాలేయంలో నక్కి కూర్చుని, ఏళ్ల తరబడి దాన్ని గట్టిపరుస్తుంది. రోజుకో మాత్ర వేసుకుంటే తల ఎత్తకుండా పడి ఉంటుంది, పోవడం మాత్రం పోదు. మాత్ర మానితే లేచి కూర్చుంటుంది.

అతను మా ఇంటికి వచ్చిన రోజు సూదికి భయపడి నేను జీడితోటలోకి పారిపోయాను. అప్ప దొరికిపోయింది. నాకు రాలేదు, ఆమెకు వచ్చింది. ఆమె నుంచి ఆమె కూతురు యామినికి కూడా వచ్చింది. యామిని పుట్టిన రోజు దారిలోని గెడ్డవాగు పొంగి, పురిటిగదిలో వేయాల్సిన టీకా నాలుగో రోజుకు గాని అందలేదు.

అందుకే నేను మాత్రల విషయంలో రాక్షసిని. నెలకోసారి ఆ పన్నెండు మందికీ మాత్రల డబ్బాలు తీసుకెళ్లి ఇచ్చేది నేనే. పాత డబ్బాలో ఎన్ని మిగిలాయో లెక్కపెట్టేదీ నేనే. ఒక్కటి ఎక్కువున్నా వీధిలో నిలబెట్టి కడిగేసేదాన్ని. ఖాళీ కడుపున వేసుకుంటే వికారమని చాలామంది మానేస్తున్నారని, "అన్నం తిన్నాకే మాత్ర" అని వాళ్ల చేత వల్లె వేయించాను. బళ్లో ఎక్కాల్లాగా అందరూ అప్పజెప్పేవాళ్లు.

ఆ మంగళవారానికి నాలుగు నెలల ముందు మా ఊరికి డెంగీ వచ్చింది. ఇప్పుడు దానికి కాలమంటూ లేదు, ఎండాకాలంలోనూ దోమలు తయారు. అప్పకు తొమ్మిది రోజులు జ్వరం కాసింది. ఆపైన కళ్లు పచ్చబడ్డాయి. చచ్చిపోతుందనే అనుకున్నాం, బతికింది. మరుసటి నెలలో ఎదురింటి పోలినాయుడికి అదే జ్వరం, అవే పచ్చకళ్లు. ఆయనదీ ఆ సిరంజి వైరస్సే. పందొమ్మిదో రోజున పోయాడు. పోలినాయుడి భార్య చిన్నమ్మడు ఆ రోజు నుంచి నాతో మాట్లాడడం మానేసింది, తన మాత్రల డబ్బా కూడా పక్కింటివాళ్ల చేత తెప్పించుకునేది. లేబులో ఉన్నవాళ్లు తమ వాళ్లను బతికించుకున్నారని వీధిలో అందట. ఆ మాటకి నాకు ఒళ్లు మండింది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మూడు పట్టీలూ పట్టుకెళ్లి మా డాక్టర్ మెహరున్నీసా ముందు పెట్టాను. ఆమెది కర్నూలు. నెమ్మదైన మనిషి, గొంతు పెంచడం నేనెప్పుడూ వినలేదు. పట్టీల్ని వెలుగులో పెట్టి ఒక్కొక్కటే చూసింది. నలభై ఏళ్ల వైరస్ దానంతటదే పోదని, పోయిందంటే డెంగీయే ఏదో చేసిందని అంది. కాలేయంలో ఆ వైరస్ అంత చప్పుడు చేయకుండా ఉంటుంది కాబట్టి ఒంట్లో కాపలా కణాలు దాన్ని ఎప్పుడో మరిచిపోయి నిద్రపోతుంటాయి. డెంగీ వచ్చి ఒళ్లంతా గగ్గోలు పెట్టేసరికి అవి లేచి పాత దొంగని కూడా పట్టుకున్నాయన్నది ఆమె ఊహ.

ఆ ఊహ వెంటబడి మూడేళ్లు పనిచేసింది. చివరికి ఒక వైరస్‌ని తయారు చేసింది. అది చూడ్డానికి డెంగీయే, గగ్గోలు డెంగీదే. కాని ఒంట్లో పిల్లల్ని పెట్టలేదు, మూడు రోజులు జ్వరం తెచ్చి తనంతట తనే చచ్చిపోతుంది. దానికి కాయితాల మీద ఏదో పొడుగాటి అంకెల పేరుంది. మేం మాత్రం ఉత్త డెంగీ అనేవాళ్లం.

ఈ మూడేళ్లలో యామిని కాలేయం గట్టిపడింది. పిల్లకి ఇరవై మూడేళ్లు. జీడి కార్ఖానా వ్యాన్ నడుపుతుంది, మూటలు తనే ఎత్తుతుంది, ఎవరికీ తల వంచదు. స్కాన్ చేస్తే యాభై ఏళ్ల తాగుబోతు కాలేయంలా ఉందన్నారు. మాత్రలతో ఇంకెన్నాళ్లు లాగొచ్చని యామిని సూటిగా అడిగితే, ఏడెనిమిదేళ్లని డాక్టరమ్మ సూటిగానే చెప్పింది. ఆ రోజు అప్ప నాతో ఒక మాటంది. "నాకు తగ్గి దానికి ఉండిపోతే, నాను దాని మొకం సూడలేనే ఆదమ్మా." ఆ మాట నా గుండెలో ముల్లులా దిగింది. తనకు పోయింది, తను ఇచ్చింది మాత్రం కూతురిలో ఉండిపోయింది. అది చాలు మనిషిని కూర్చున్నచోట కూర్చోనివ్వకుండా చేయడానికి.

అందుకే ఉత్త డెంగీ వేయించుకునే తొమ్మిది మందిలో మొదటి పేరు యామినిది. మూడు రోజులు జ్వరం వచ్చింది, పోయింది. తొమ్మిది మందీ రోజూ అన్నం తిన్నారు, నా కళ్లముందే మాత్ర వేసుకున్నారు. ఆరు వారాల తర్వాత పరీక్ష చేశాను. తొమ్మిది పట్టీల మీదా రెండేసి గీతలు.

మళ్లీ వేశారు. మళ్లీ రెండు గీతలే. నెలాఖరుకు ఈ పని ఆపేయమని పైనుంచి ఉత్తరం వచ్చింది. డాక్టరమ్మ ఫైళ్లు అట్టపెట్టెల్లో సర్దుతూ, మీ అక్కగారిది ఏదో అదృష్టం ఆదిలక్ష్మిగారూ, అదృష్టాన్ని సీసాలో పట్టలేం అంది. నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు కోపం వస్తుంది.

ఆదివారం మధ్యాహ్నం ఆ కోపంతోనే అప్ప ఇంటికెళ్లాను. అప్ప వాకిట్లో కూర్చుని జీడిపిక్కల పాలకి నల్లబడిన వేళ్లకి నూనె రాసుకుంటోంది. యామిని వ్యాన్ కడుగుతోంది. నేను గుమ్మంలోనే మొదలుపెట్టాను. ఒకటే వీధి, ఒకటే వైరస్, తల్లీకూతుళ్లు, ఒకరికి పోయి ఇంకొకరికి ఎందుకు పోలేదని, అప్ప ఏదో నాటుమందు తిని మాకు చెప్పకుండా దాస్తోందని అరిచాను. అరుస్తూనే ఉన్నాను. అప్ప తల వంచుకుని వింది.

నూనె గిన్నె పక్కన పెట్టి, "నాటుమందు కాదే. నాను మాత్ర మానీసాను" అంది.

అర్థం కాలేదు. ఆమెకు డెంగీ వచ్చిన నెల డబ్బా కూడా నేనే లెక్కపెట్టాను, సరిపోయింది.

"అన్నం తిన్నాకే మాత్రన్నావు గదా నువ్వు. జ్వరంలో లంకణాలున్నాను. తొమ్మిది రోజులు మెతుకు ముట్టలేదు. మరి మాత్ర ఎలగేసుకుంటాను? పదోరోజు జ్వరం ఇడిసింది, బీరకాయతో పత్యం తిన్నాను, మాత్రేసుకున్నాను."

"మరి ఆ తొమ్మిదీ ఏటి చేసినావు?"

"నువ్వు లెక్కపెడతావు గదా. మిగిలితే ఈదిలో నిలబెట్టి తిడతావని పిక్కల తొక్కలో పారీసాను. నీ నోటికి భయపడి ఎవులికీ సెప్పలేదు."

ఆమె నా మాట తప్పలేదు. నా మాటని అక్షరాలా పాటించింది. జ్వరమొస్తే మా ఊళ్లో అన్నం మానేస్తారు. అది నాకు తెలియదా? నేనూ ఆ ఊరి పిల్లనే, లంఖణాలు చేసే పెరిగాను. అన్నం తిన్నాకే అని వాళ్ల చేత చిలకపలుకులు పలికించినప్పుడు, అన్నం తినని రోజు సంగతి నాకు తట్టలేదు.

ఆ తర్వాత పోలినాయుడు గుర్తొచ్చాడు. ఆయన చేతా నేనే వల్లె వేయించాను. ఆయనా లంఖణాలున్నాడు. ఆయనకి జ్వరం విడవలేదు, పథ్యం పెట్టే రోజు రాలేదు, మాత్ర మొదలుపెట్టే రోజు కూడా రాలేదు. అప్ప తన జ్వరం తగ్గిన ఆ నెలలోనే ఈ మాట నాతో చెప్పి ఉంటే ఎదురింట్లోకెళ్లి నేనే ఆయన నోట్లో మాత్ర వేసేదాన్ని. అప్ప చెప్పలేదు. చెప్పుకునే నోరు నేను మిగల్చలేదు.

ఆ రోజు నేను అప్పని ఏమీ అనలేదు. అనకపోయేసరికి ఆమె ఇంకా భయపడింది.

సోమవారం పొద్దున్నే డాక్టరమ్మకి అంతా చెప్పాను, నా తప్పుతో సహా. ఆమె ఒక్క మాటా అనకుండా లేచి చల్లపెట్టె తెరిపించింది. జ్వరం రోజుల్లో ప్లేట్‌లెట్ల కోసం తీసిన ట్యూబుల్లో అప్పవీ పోలినాయుడివీ మిగిలే ఉన్నాయి. పోలినాయుడి చివరి డబ్బా నేను లెక్కపెట్టనేలేదు, నా పుస్తకంలో ఇద్దరూ రోజూ మాత్ర వేసుకున్నట్టే ఉంది కాబట్టి వాటిలో వైరస్ ఎంతుందో చూడాలని ఎవరికీ తోచలేదు. ఇప్పుడు చూశాం. ఐదో రోజుకే ఇద్దరిలోనూ వైరస్ లక్షల్లోకి లేచింది. తొమ్మిదో రోజుకి కాపలా కణాలు దాని మీద పడ్డాయి. ఆ పోరులో కాలేయం కూడా కాలిపోతుంది. అప్ప పదో రోజు మాత్రతో వైరస్ పడిపోయింది, పోరు ఆగింది, కాలేయం మిగిలింది. పోలినాయుడికి పోరు ఆగలేదు.

"మన తొమ్మిది మందిలోనూ పిల్లిని లేపాం గాని," అంది డాక్టరమ్మ, "మాత్రలు పెట్టి ఎలుకని కలుగులోంచి బయటికి రానీయలేదు. ఇంకేం పడుతుంది?"

కాని ఆమె మొహంలో సంతోషం లేదు. మాత్ర ఆపడమంటే మనిషిని అంచుదాకా నడిపించడమే. ఒకే దారిలో ఒకరు బతికారు, ఒకరు పోయారు. అలాంటి పరీక్షకి అనుమతి అడగడానికే భయమేస్తోందని ఆమె నాతో దాచకుండా చెప్పింది. అయినా అడిగింది. రెండు నెలలు వాదించి, ఒక్క మనిషికి, ఆసుపత్రి మంచం మీద, ఆరు గంటలకోసారి నెత్తురు చూస్తూ చేయడానికి ఒప్పించింది. కాలేయం దెబ్బ చూపే అంకె రెండువేలు దాటితే మరో ఆలోచన లేకుండా మాత్ర వేసేయాలన్నది షరతు.

అప్ప ససేమిరా అంది. తన తప్పుని కూతురి మీద మందుగా వాడతారా అని నా మీద మొదటిసారి ఎదురు తిరిగింది. యామిని చేతులు తుడుచుకుంటూ వచ్చి తల్లి ముందు కూర్చుంది.

"అమ్మా, నువ్విచ్చింది నేనడిగి తీసుకోలేదు. ఇది నేనడిగి తీసుకుంటున్నాను. నన్ను తీసుకోనీ."

మర్నాడు అప్పే వెంట వచ్చింది.

ఉత్త డెంగీ వేసి, మాత్ర ఆపారు. మొదటి మూడు రోజులు జ్వరం. ఆ నాలుగ్గోడల గదిలో యామిని కార్ఖానా కబుర్లు చెప్పి నర్సుల్ని నవ్వించింది. ఐదో రోజు వైరస్ లేచింది. ఏడో రోజు కళ్లు పచ్చబడ్డాయి, నవ్వు ఆగింది. ఎనిమిదో రోజు అంకె పద్నాలుగు వందలు. తొమ్మిదో రోజు మధ్యాహ్నం పద్దెనిమిది వందల తొంభై. పిల్ల మంచానికి అతుక్కుపోయింది. నీళ్లు తాగినా కక్కుతోంది. నా చేతులతో ఎత్తి పెంచిన పిల్ల. సూది గుచ్చుతుంటే చెయ్యి వెనక్కి లాక్కునే ఓపిక కూడా లేదు.

డాక్టరమ్మ చేతిలో మాత్ర పట్టుకుని నిలబడింది. ఇప్పుడు వేస్తే పిల్ల తప్పకుండా బతుకుతుంది. వైరస్ కూడా బతుకుతుంది, మళ్లీ కలుగులో దూరుతుంది. కాపలా కణాలు అప్పుడే పెరగడం మొదలుపెట్టాయి. అప్ప ట్యూబుల్లో అవి తొమ్మిదికీ పదికీ మధ్యనే ఒక్కసారిగా ఉప్పెనలా లేచాయి. పోలినాయుడి ట్యూబుల్లోనూ అంతే.

ఏం చేద్దామని డాక్టరమ్మ నన్నడిగింది. ఇరవై ఆరేళ్లలో ఆమె నన్నలా అడగడం అదే మొదలు. ఊరందరికీ చెప్పే నోరు, ఆ ఒక్క గంట పనికి రాలేదు. అప్ప మంచం కోడు పట్టుకుని కూర్చుంది.

యామిని కళ్లు తెరిచి, "పిన్నీ, రెండువేలు దాటిందా?" అంది.

దాటలేదన్నాను.

"మరి దాటనీ. దాటాక చూద్దాం" అని కళ్లు మూసుకుంది.

ఆ పద్దెనిమిది గంటల్లో నేను మూడుసార్లు నెత్తురు తీశాను. పందొమ్మిది వందల పది. పందొమ్మిది వందల ముప్పై. పదో రోజు పొద్దున్న ఎనిమిదింటికి పందొమ్మిది వందల డెబ్బై. ఆ ట్యూబులోనే కాపలా కణాలు ముందు రోజుకి నాలుగింతలు. నేను అంకె చదవడం పూర్తి కాకముందే డాక్టరమ్మ మాత్ర పట్టుకుని పరిగెత్తింది. ఆమె పరిగెత్తడం కూడా నేను ఎప్పుడూ చూడలేదు.

గదిలో అప్ప టిఫిన్ డబ్బా విప్పి మెత్తగా వండిన అన్నం కలుపుతోంది. పదో రోజని గుర్తుపెట్టుకుని తెచ్చింది. ఒక్క ముద్ద తినీసి మాత్రేసుకోమని పిల్ల నోటి దగ్గర పెడుతోంది.

"అన్నం తర్వాత అప్పా," అన్నాను ఆమె చెయ్యి పట్టుకుని. "ముందు మాత్ర. అన్నం ఉన్నా లేకపోయినా మాత్ర."

అప్ప నా మొహం చూసింది. నేను ఏడుస్తున్నానని అప్పుడు గాని నాకు తెలియలేదు. యామిని మాత్ర మింగింది. మేం ముగ్గురం ఆ మింగిన గొంతునే చూస్తూ నిలబడ్డాం.

సాయంత్రానికి అంకె ఆగింది. మూడో రోజుకి సగమైంది. వారానికి యామిని లేచి కూర్చుని వ్యాన్ ఎవరు తోలుతున్నారని ఆరా తీసింది. ఆరు వారాల తర్వాత నేను నెత్తురు తీశాను. డాక్టరమ్మా, అప్పా, యామినీ పట్టీ చుట్టూ మూగారు. ఒక్క గీత. ఇరవై నిమిషాలు చూశాం. రెండోది రాలేదు. అప్ప కూతురి మొహాన్ని రెండు నల్ల చేతులతో పట్టుకుని అలా చూస్తూ ఉండిపోయింది. గట్టిపడిన కాలేయం మెత్తబడడానికి ఏళ్లు పడుతుందని డాక్టరమ్మ హెచ్చరించింది గాని, దాన్ని అప్పుడెవరూ పట్టించుకోలేదు.

పని ఆపమన్న ఉత్తరం వెనక్కి పోయింది. ఈసారి మిగిలిన తొమ్మిది మందికీ అనుమతి వచ్చింది. పేర్లు రాసుకుంటున్న మొదటి రోజునే చిన్నమ్మడు వచ్చింది. నాలుగేళ్ల తర్వాత నా ఎదురుగా నిలబడింది. ఆ సైకిల్ డాక్టరు సూది ఆమెకీ పడిందే. మనిషి సగమైంది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"యామినికి తగ్గిందట గదా" అంది.

అవునన్నాను.

"మా ఆయన ఎన్నో రోజున మాత్రేసుకోవలసింది?"

దీనికి తప్పించుకునే జవాబు నా దగ్గర ఒకటుంది. అందరి ఒళ్లూ ఒకటి కాదు, చెప్పలేం అనొచ్చు. డాక్టర్లు అలాగే అంటారు. నేను అనలేదు. "పదో రోజున," అని చెప్పాను. అన్నం తిన్నాకే అని ఆయన చేత నేనే వల్లె వేయించానని, తిననప్పుడు ఏం చేయాలో చెప్పలేదని, మా అప్ప నా తిట్లకి భయపడి దాచిందని, ఆమె దాచకపోతే ఆయన బతికేవాడేమోనని, అంతా చెప్పాను. క్షమించమని అడగలేదు. అడిగితే ఆమె మీద ఇంకో బరువు పెట్టినట్టే.

బయట వరండాలో పేర్లు పిలుస్తున్నారు. చిన్నమ్మడు కొంగుతో మొహం తుడుచుకుని, నా ఎదురుగా ఉన్న కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఆయన జ్వరంలో పడుకుని మాత్రల డబ్బా చూసేవోడు వదినా. అన్నం తిన్లేదు, ఆదమ్మ తిడతాదనీవోడు." ఆమె కుర్చీ ఇంకాస్త ముందుకు జరుపుకుంది. "నా పదో రోజుని నువ్వు నా కాడే ఉండాల. నాను కక్కినా, వొద్దన్నా, తిట్టయినా మింగించాల. ఉంటావా?"

ఉంటానన్నాను. ఆమె రవిక చేతిని పైకి మడుచుకుని చెయ్యి చాపింది. ఇరవై ఆరేళ్లలో మొదటిసారి నాకు నరం దొరకలేదు. అది దొరికేదాకా చిన్నమ్మడు చెయ్యి అలాగే చాపి ఉంచింది.